ఇల్లు విడిచిన పిల్లవానికి ఎదురయ్యే ద్వారం

సూరత్ వర్తకుల నగరం. తాపీనది సముద్రంలో కలిసే చోటికి చేరువలో వెలసిన ఈ రేవునుంచి మొగలాయిల కాలంలో హజ్ యాత్రికుల ఓడలు బయలుదేరేవి. 17వ శతాబ్ది ఆరంభంలో ఆంగ్లేయులు తమ వర్తకశాలను ఇక్కడ నెలకొల్పారు. జరీ, పట్టు, ఆ తరువాత వజ్రాలు, కృత్రిమ వస్త్రాలు ఈ నగరానికి పేరు తెచ్చాయి. వచ్చిన సరుకునంతటినీ భద్రపరచడానికి సూరత్‌లో గిడ్డంగులు ఉండేవి. యాత్రికులకు సత్రాలూ ఉండేవి. అయితే 20వ శతాబ్దం మొదలయ్యేనాటికి, చదువుకోసం పల్లెనుంచి వచ్చిన రైతు బిడ్డ తన ట్రంకుపెట్టె దించుకోవడానికి మాత్రం చోటు దొరకడం కష్టంగా ఉండేది.

పల్లెలో ఉండేది ప్రాథమిక పాఠశాల. ఉన్నత పాఠశాల నగరంలో. మధ్య ఉన్న దూరం పది మైళ్లైనా, ముప్ఫై మైళ్లైనా, పిల్లవానికి అది ఒక్కటే దూరం. అమ్మ చేతి రొట్టెకూ, తన ఆకలికీ మధ్య దూరం. దూరపు బంధువుల ఇంట ఒక మూలన ఒదిగి చదివేవాడు ఒకడు. అద్దె గదిలో వండుకొని, వంటతో అలసి, పుస్తకం మీదనే నిద్రపోయేవాడు మరొకడు. వీరిలో చాలామంది చదువు పూర్తికాకముందే పొలానికి తిరిగిపోయేవారు.

ఈ చిక్కును గుర్తించిన వారిలో ఇద్దరి పేర్లు సూరత్ చరిత్రలో నిలిచాయి. అనావిల బ్రాహ్మణ కుటుంబానికి చెందిన దయాళ్‌జీ దేశాయి ఒకరు. పాటీదారు రైతు కుటుంబానికి చెందిన కువర్‌జీ మెహతా మరొకరు. కువర్‌జీ బడిపంతులుగా పనిచేసి, ఆ ఉద్యోగాన్ని విడిచిపెట్టినవాడు. దయాళ్‌జీ అనావిల ఆశ్రమాన్ని నెలకొల్పగా, 1911లో కువర్‌జీ పాటీదారు ఆశ్రమాన్ని ప్రారంభించాడు. ఇవి పేరుకు ఆశ్రమాలు. పనికి విద్యార్థి వసతిగృహాలు. పిల్లలు నగరంలోని పాఠశాలలకు వెళ్లి చదువుకునేవారు. తిండి, నిద్ర, నడవడి, నలుగురితో కూడి బ్రతకడం ఈ గోడల మధ్య నేర్చుకునేవారు.

వాటి గోడలు కులపు గోడలే. ఎవరి కులం పిల్లలకు వారు ఇల్లు కట్టుకున్నారు. ఆనాడు దేశమంతటా కనబడిన తీరు అది. అయినా ఒకే పంక్తిని భోజనం చేసి, ఒకే దీపం కింద చదివిన ఆ కుర్రవాళ్లకు తమ ఊరికన్న పెద్దదైన ఒక లోకం అక్కడ కనబడింది. గాంధీజీ దక్షిణాఫ్రికానుంచి తిరిగివచ్చిన తరువాత ఈ రెండు ఆశ్రమాలూ జాతీయోద్యమానికి ఆలవాలమయ్యాయి. 1928లో సూరత్ జిల్లాలోని బార్డోలీ తాలూకాపై ప్రభుత్వం భూమిశిస్తును 22 శాతం పెంచినపుడు, వల్లభ్‌భాయి పటేలును నాయకత్వం వహించవలసిందిగా కోరిన వారిలో కువర్‌జీ, ఆయన సోదరుడు కల్యాణ్‌జీ ప్రముఖులు. 137 గ్రామాల రైతులు శిస్తు కట్టడం మానివేశారు. జప్తులు జరిగాయి, పశువులు పోయాయి, రైతులు చలించలేదు. చివరకు విచారణ సంఘం ఆ పెంపును 6.03 శాతానికి తగ్గించింది. పటేలుకు సర్దార్ అన్న పేరు ఆ పోరాటంలోనే వచ్చింది. ఊరూరికీ కబురు మోసిన కార్యకర్తలలో ఆశ్రమాల చావడులలో చాపలు పరచుకొని పెరిగిన యువకులు ఉన్నారు. ఒక వసతిగృహం దేనికి పనికివస్తుందో ఆనాడు సూరత్ చూసింది.

గోడకు అవతల మిగిలినవారు

అయితే ఈ ఆశ్రమాల ద్వారం ఎవరికి తెరుచుకోలేదన్న ప్రశ్న ఒకటి మిగిలిపోయింది. బార్డోలీ పొలాలలో నాగలి పట్టిన దూబళా కుటుంబాలు తరతరాలుగా ‘హాలీ’ పద్ధతి కింద భూస్వామికి కట్టుబడి ఉండేవి. పెళ్లికి తీసుకున్న అప్పు బ్రతుకంతా తీరేది కాదు. తూర్పున అడవి అంచులలో నివసించే గిరిజనులను ‘కాళీపరజ్’, అనగా నల్లని జనం, అని పిలిచేవారు. 1920లలో సంస్కర్తలు ఆ పేరును తొలగించి ‘రానీపరజ్’, అనగా వనవాసి జనం, అన్న పేరును వాడుకలోకి తెచ్చారు. పేరు మార్చడం సులభం. ఆ పిల్లలకు బడి కట్టడం అంత సులభం కాలేదు.

ఆ పనికి పూనుకున్నవారిలో జుగత్‌రాం దవే ముఖ్యుడు. 1892లో జన్మించిన ఆయన సాబర్మతిలో గాంధీజీ సన్నిధిలో పనిచేసి, 1920ల చివర సూరత్ జిల్లాలోని వేడ్ఛీ గ్రామానికి వచ్చి స్థిరపడ్డాడు. 1985లో కన్నుమూసేవరకు గిరిజనుల మధ్యనే ఉన్నాడు. 1978లో జమ్నాలాల్ బజాజ్ పురస్కారం ఆయనను వరించింది. 2007లో సూరత్ జిల్లానుంచి తాపీ జిల్లా విడివడినపుడు వేడ్ఛీ ఆ కొత్త జిల్లాలో చేరింది. గుజరాతు తూర్పు అంచున దాహోద్ ప్రాంతంలో ఠక్కర్ బాపా 1922లో భీల్ సేవామండలి స్థాపించి ఇటువంటి కృషినే ఆరంభించాడు. ఈనాడు దేశమంతటా వినబడే ‘ఆశ్రమ పాఠశాల’ అన్న మాటకు ఈ ప్రయత్నాలు పునాదులు. ఆదిలాబాదు, పాడేరు, భద్రాచలం అడవులలోని పిల్లలకు ఆ మాట కొత్తది కాదు.

ఈ ఆశ్రమ పాఠశాలల రూపాన్ని శ్రద్ధగా పరిశీలిస్తే ఒక విశేషం కనబడుతుంది. వీటికి ఆడంబరమైన ముఖద్వారం ఉండదు. పిల్లవాడు తన గుడిసెనుంచి బయలుదేరి వచ్చి, తన గుడిసెవంటి కట్టడాన్నే చూస్తాడు. ఆ నేలలో దొరికే మట్టి, వెదురు, కలప, పెంకు వాటికి సామగ్రి. నడుమ ప్రార్థనకు ఒక మైదానం. దానికి చేరువలో ఉమ్మడి వంటశాల. నూలు వడికే చావడి ఒకవైపు, పొలమూ పశువుల కొట్టమూ మరొకవైపు. పాకీపనివాని కోసం వేరే దొడ్డి దారి ఉండదు. మరుగుదొడ్లు శుభ్రం చేసేది పిల్లలూ, ఉపాధ్యాయులే. నౌకర్ల బస అన్నది పటంలోనే లేదు. ఎవరు ఎవరికి సేవ చేయాలో కట్టడమే చెబుతుందని గాంధీజీ అనుచరులు బాగా ఎరుగుదురు. అందువల్ల ఎవరూ ఎవరికీ నౌకరు కాని కట్టడాన్ని వారు నేలమీద గీశారు.

స్థానిక సామగ్రితో అందం సాధ్యమేనని ఇదే సూరత్ జిల్లా మరొకసారి చాటింది. 1938 ఫిబ్రవరిలో తాపీనది ఒడ్డున హరిపురాలో, సుభాష్ చంద్రబోసు అధ్యక్షతన కాంగ్రెసు మహాసభ జరిగినపుడు, విఠల్‌నగర్ పేరిట ఒక తాత్కాలిక నగరమే వెలసింది. శాంతినికేతనం చిత్రకారుడు నందలాల్ బోసు వెదురు, గడ్డి, చాపలతో దానికి శోభ చేకూర్చి, కుమ్మరినీ, దర్జీనీ, వంట చేసే స్త్రీనీ, నాగలి పట్టిన రైతునూ పెద్ద చిత్రపటాలుగా రచించి నిలబెట్టాడు. సభకు వచ్చిన పల్లెవాసి తన ముఖాన్నే అక్కడ చూసుకున్నాడు. కొద్ది రోజులలో ఆ నగరం లేకుండా పోయింది. ఆ చిత్రాలు మాత్రం ‘హరిపురా చిత్రాలు’గా దేశ కళాచరిత్రలో మిగిలిపోయాయి.

‘విద్యావనం’ అనే మాట

సూరత్‌లో రైతు బిడ్డలకు వసతి కల్పించిన ఆ కాలంలోనే, వేలమైళ్ల దూరాన జపానులో కూడా ఇదే ప్రశ్న మరొక రూపంలో తలెత్తింది.

జపాను కథలలో, చలనచిత్రాలలో, చిత్రకథలలో పాఠశాల ఆవరణ ఒక పాత్రవలె కనబడుతుంది. ఏప్రిలు నెలలో చెర్రీపూలు రాలే ద్వారం, లోపలికి అడుగిడగానే బయటి చెప్పులు విడిచి లోపలి చెప్పులు తొడుక్కునే అరల వరుస, ఒకవైపు కిటికీలు, మరొకవైపు తరగతి గదులు ఉన్న పొడవాటి నడవా, ఎదుట ఆటస్థలం, వసతి పాఠశాల అయితే కొండవాలున చెట్లచాటున పిల్లల నివాసం. ఈ ఊహాచిత్రంలో కొంత అలంకారం ఉన్నా, దాని వెనుక ఒక నిజమున్నది. జపాను బడులలో చాలవరకు పిల్లలే రోజూ కొంత సమయం గదులూ, నడవాలూ ఊడ్చి తుడుస్తారు. చీపురు పట్టిన బాలుడు గోడమీద గీత గీయడానికి సంకోచిస్తాడు. భవనాన్ని కాపాడేది ఆ సంకోచమే.

జపాను భాషలో ప్రైవేటు పాఠశాలల పేర్ల చివర తరచుగా వచ్చే ‘గాకుఎన్’ అన్న మాటకు అర్థం విద్యావనం. ఆ పేరుకు తగినట్లు కట్టిన బడులలో ‘జియూ గాకుఎన్’ ఒకటి. జియూ అనగా స్వేచ్ఛ. జపానులో పత్రికా విలేఖరిగా పనిచేసిన తొలి మహిళగా ప్రసిద్ధికెక్కిన హనీ మొతోకో, ఆమె భర్త యోషికాజు దీనిని 1921 ఏప్రిల్ 15న టోక్యోలో బాలికల కోసం ప్రారంభించారు. మొదటి సంవత్సరం చేరినవారు 26 మంది.

ఆ సమయంలో సుప్రసిద్ధ అమెరికన్ వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్, ఇంపీరియల్ హోటలు నిర్మాణం కోసం టోక్యోలో ఉన్నాడు. ఆయన సహాయకుడు ఎండో అరతా ద్వారా హనీ దంపతులు ఆయనను కలుసుకున్నారు. వారి వద్ద ధనం తక్కువ. అయినా రైట్ అంగీకరించాడు. పెద్ద హోటలు కట్టే చేతులతోనే ఆయన ఒక చిన్న బడికి పటం గీశాడు. పాఠశాల తెరిచిననాటికి కట్టడం ఇంకా పూర్తి కాలేదు.

ఆ పటంలోని తర్కం సరళం. ఎదుట పచ్చికమైదానం. దానికి అటూ ఇటూ రెండు రెక్కలవలె తరగతి గదులు. నడుమ ఎత్తైన కిటికీ గల సభామందిరం. నేలకు వంగినట్లుండే విశాలమైన పైకప్పు. మూడంతస్తుల ఠీవి కాని, గోపురపు అధికారం కాని లేవు. పిల్లవాని కంటి ఎత్తునుంచి చూసినా ఆ కట్టడం భయపెట్టదు. కిటికీలకు ఖరీదైన రంగుటద్దాలు అమర్చే స్తోమతు లేకపోవడంతో, రైట్ సన్నని చెక్కపట్టీలను వాలుగీతలుగా కూర్చి మామూలు అద్దాలకే అందం తెచ్చాడు. పేదరికం అక్కడ అలంకారమయింది.

అన్నిటికన్న గమనింపదగినది భోజనశాల స్థానం. చాలా బడులలో వంటిల్లు వెనుకవైపు దాగి ఉంటుంది. రైట్ దానిని భవనపు నడిబొడ్డున, సభామందిరం నుంచి మెట్లెక్కి చేరే చోట ఉంచాడు. బాలికలు వంతులవారీగా స్వయంగా వండి, వేడి అన్నం అందరితో కలిసి తినాలన్నది హనీ దంపతుల ఆశయం. బడికి హృదయస్థానం భోజనశాల. పిల్లల సంఖ్య పెరిగినపుడు ఎండో ఆ గదికి మూడువైపులా చిన్న గదులు చేర్చి విశాలం చేశాడు.

1923 సెప్టెంబరు 1న టోక్యో నగరాన్ని నేలమట్టం చేసిన మహాభూకంపంలో ఈ కట్టడం నిలిచింది. రెండవ ప్రపంచయుద్ధపు బాంబుదాడులలోనూ నిలిచింది. 1934లో పాఠశాల నగరపు పొలిమేరలోని విశాలమైన వనస్థలికి తరలిపోయింది. అక్కడ పిల్లల వసతిగృహాలు వచ్చాయి. వాటి నిర్వహణలో పిల్లలదే పెద్ద పాత్ర. పాత భవనం ‘మ్యోనిచికాన్’, అనగా రేపటి ఇల్లు, అన్న పేరుతో మిగిలింది. 1997లో దానిని జపాను ప్రభుత్వం ముఖ్య సాంస్కృతిక సంపదగా గుర్తించింది. మరమ్మతుల సమయంలో, బాలికలు 1931లో బడి పదవ వార్షికోత్సవానికి సభామందిరపు గోడపై వేసిన చిత్రం సున్నపుపూత కిందనుంచి మళ్లీ వెలుగు చూసింది. యుద్ధకాలంలో దానిని కప్పివేశారు. గోడ మరచిపోలేదు.

టోక్యోలోనే 1937లో కొబయాషి సొసాకు అనే ఉపాధ్యాయుడు తొమోయే గాకుఎన్ అనే చిన్న బడిని పెట్టాడు. అది వసతి పాఠశాల కాదు. పాత రైలుపెట్టెలే దాని తరగతి గదులు. 1945 వైమానిక దాడులలో అది కాలిపోయింది. ఆ బడిలో చదివిన కురొయనగి తెత్సుకో 1981లో రాసిన జ్ఞాపకాల పుస్తకం ‘రైలుబడి’ పేరుతో తెలుగు పాఠకుల ఇళ్లకు కూడా చేరింది. లేని బడి, పుస్తకంలో మాత్రమే మిగిలిన బడి, ఇన్ని దేశాల పిల్లలకు తమ బడిగా ఎందుకు తోచింది? పాత సామగ్రితో కూడా పిల్లవానికి నచ్చే చోటును సృష్టించవచ్చునని అది రుజువు చేసినందుకే.

తెలుగునేలపై

తెలుగునేలపై ఈ ఆలోచనకు ప్రత్యక్షరూపం రాయలసీమలో, మదనపల్లె సమీపంలోని ఋషివ్యాలీ. జిడ్డు కృష్ణమూర్తి జన్మించింది 1895లో మదనపల్లెలోనే. ఆయన ఈ లోయకు వచ్చినపుడు ఒక మహావటవృక్షాన్ని చూసి, ఆ చెట్టు చుట్టూ విద్యాలయం వెలయాలని సంకల్పించాడని చెబుతారు. 1930ల ఆరంభం నుంచి అక్కడ వసతి పాఠశాల నడుస్తున్నది. ఆవరణకు ఎదుట ఋషికొండ. సాయంవేళ పిల్లలంతా ఒకచోట కూర్చుండి, మాటాడకుండా సూర్యాస్తమయాన్ని చూసే ఆచారం ఉన్నది. దానికి అస్తాచల్ అని పేరు. పాఠ్యప్రణాళికలో లేని ఈ పాఠానికి కావలసినవి ఒక ఎత్తైన స్థలం, పడమటి దిక్కుకు అడ్డులేని చూపు. ఆ రెండింటినీ కాపాడటం పటం గీసేవాని బాధ్యత.

ఆ లోయ కరువుసీమ. కొండలు బోడివై, నేల రాళ్లు తేలి ఉండేది. దశాబ్దాల తరబడి చెట్లు నాటి, వాన నీటికి అడ్డుకట్టలు వేసి, పశువుల మేతనుంచి మొక్కలను కాపాడిన మీదట లోయ మళ్లీ పచ్చబడింది. పక్షులు తిరిగివచ్చాయి. 1991లో దానిని పక్షుల సంరక్షణ ప్రదేశంగా ప్రకటించారు. ఒక బడి ఆవరణ తనకొక భూగోళాన్నే తయారుచేసుకున్న అపురూప దృష్టాంతమిది. అయితే ఇటువంటి బడికి చెల్లించవలసిన రుసుము పల్లె రైతుకూ, కూలికీ అందుబాటులో ఉండదు. ఆ లోటు తెలిసినందువల్లనే ఆ సంస్థ చుట్టుపక్కల గ్రామాల పిల్లలకు చిన్న బడులు పెట్టి, ఒకే గదిలో అనేక తరగతులు నడిపే బోధన పద్ధతిని రూపొందించింది.

పేదవాని బిడ్డకు ప్రభుత్వమే వసతి పాఠశాల ఇవ్వాలన్న సంకల్పం 1971లో తెలంగాణంలోని సర్వేల్ గ్రామంలో రూపుదిద్దుకున్నది. అప్పటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి పి. వి. నరసింహారావు అక్కడ గురుకుల విద్యాలయాన్ని ప్రారంభించాడు. తరువాత తాడికొండ, కొడిగెనహళ్లి వంటి చోట్ల అటువంటివే వెలిశాయి. కేంద్రంలో మానవ వనరుల మంత్రిగా ఆయన ఉన్నపుడే, 1985-86లో నవోదయ విద్యాలయాలు రెండింటితో మొదలయ్యాయి. నేడు అవి 650కి పైగా ఉన్నాయి. వాటిలో కనీసం 75 శాతం స్థానాలు గ్రామీణ బాలబాలికలవి. తొమ్మిదవ తరగతిలో కొందరు విద్యార్థులను వేరొక భాషా ప్రాంతపు విద్యాలయానికి పంపే ఏర్పాటు కూడా ఉన్నది. తెలుగు పిల్లవాడు హిందీసీమలో, హిందీ పిల్లవాడు తెలుగుసీమలో ఒక ఏడాది ఒకే పంక్తిని భోంచేస్తాడు. సూరత్ ఆశ్రమాల కులపు గోడనుంచి ఈ పంక్తి వరకు దేశం నడిచిన దూరం చిన్నది కాదు.

2014 మే 25న ఎవరెస్టు శిఖరాన్ని అధిరోహించిన 13 ఏళ్ల మాలావత్ పూర్ణ ఇటువంటి ఒక సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాల విద్యార్థినియే. ఆమె తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. గురుకులం ద్వారం ఆమెకు తెరుచుకోకుంటే ఆ శిఖరం ఆమెకు కనబడేది కాదు.

పటంలో మరచిపోయే గీతలు

బడి ఆవరణను గీసేవారు సాధారణంగా ముఖద్వారంతో మొదలుపెడతారు. ఇల్లు విడిచిన పిల్లవాడు మాత్రం దానిని రాత్రివేళ కొలుస్తాడు. పడకగదినుంచి మరుగుదొడ్డికి ఎన్ని అడుగులు? ఆ దారిలో దీపమున్నదా? జ్వరం వస్తే ఎవరి తలుపు తట్టాలి? ఆ తలుపు ఎంత దూరం? తాగునీటి కుళాయి చెయ్యికి అందుతుందా? తల్లిదండ్రులు చూడవచ్చిన ఆదివారం వారు ఎక్కడ కూర్చుంటారు? ఎవరికీ కనబడకుండా కాసేపు ఏడ్వడానికి ఒక చెట్టునీడ ఉన్నదా? ఈ ప్రశ్నలకు మంచి జవాబు ఇచ్చే ఆవరణ, రాళ్లతో కట్టినా మట్టితో కట్టినా, మంచి బడి. ఆడపిల్లల విషయంలో ఇవి సౌకర్యపు ప్రశ్నలుగా కూడా మిగలవు. చదువు సాగడమా, ఆగడమా అన్నది వీటిమీదనే ఆధారపడి ఉంటుంది.

వీటన్నిటికన్న ముందు అడగవలసిన ప్రశ్న ఇంకొకటి ఉన్నది: నిప్పంటుకుంటే పిల్లవాడు బయటపడే దారి ఏది?

2004 జులై 16న తమిళనాడులోని కుంభకోణంలో ఒక పాఠశాల వంటశాలనుంచి లేచిన మంట పూరికప్పుకు అంటుకొని 94 మంది పిల్లలు మరణించారు. ఆ దుర్ఘటన దరిమిలా వేసిన వ్యాజ్యంలో, 2009లో సుప్రీంకోర్టు, విద్యాహక్కు అంటే సురక్షితమైన బడిలో చదివే హక్కు కూడా అని తీర్పు చెప్పింది. వెదురు, గడ్డి అందమైనవే. హరిపురాలో అవి నగరానికి శోభ తెచ్చాయి. కాని పిల్లలు నిండిన గదిపైన, పొయ్యికి పక్కన ఉన్నపుడు వాటి కథ వేరు. రైట్ భోజనశాలను నడిబొడ్డున పెట్టినపుడు పొయ్యినీ, దారినీ కూడా ఆలోచించి పెట్టాడు. ఆలోచన లేకుండా అనుకరించిన అందం ప్రాణం తీస్తుంది.

మళ్లీ సూరత్‌కే రావాలి. నేటి సూరత్ ఆనాటి సూరత్ కాదు. మగ్గాలకోసం తెలంగాణం నుంచి వచ్చిన పద్మశాలి కుటుంబాలు, ఒడిశానుంచి, మహారాష్ట్రనుంచి, ఉత్తరాది రాష్ట్రాలనుంచి వచ్చిన కార్మికులు ఇక్కడ తరతరాలుగా స్థిరపడ్డారు. నగరపాలక సంస్థ బడులలో గుజరాతీతోపాటు మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియా, తెలుగు మాధ్యమాలు కూడా నడుస్తూ వచ్చాయి. తాపీ ఒడ్డున తెలుగు అక్షరాలు దిద్దిన పిల్లలున్నారు. అటు బార్డోలీ చెరకు తోటలకు ప్రతి శీతకాలంలోనూ ఖాందేశ్, డాంగ్ ప్రాంతాలనుంచి కత్తి పట్టిన కూలీలు పిల్లలతో సహా తరలివస్తారు. ఆరునెలలు పొలంగట్టున గుడారాలలో గడిపే ఆ పిల్లలకు ఊరిలో వసతి లేకపోతే చదువే లేదు. నూరేళ్లనాడు రైతు బిడ్డకు ఎదురైన ప్రశ్న, నేడు కూలి బిడ్డకు ఎదురవుతున్నది.

నగరంలో చదువు దాహం పెరిగింది. ఆ దాహం తీర్చడానికి ఎక్కడ పడితే అక్కడ శిక్షణ కేంద్రాలు వెలిశాయి. 2019 మే 24 సాయంకాలం సూరత్‌లోని సర్థాణా ప్రాంతంలో ఒక వ్యాపార సముదాయానికి నిప్పంటుకున్నది. దాని పైకప్పు మీద వేసిన షెడ్డులో యువతీయువకులు శిక్షణ తరగతిలో ఉన్నారు. పైకి ఉన్నది కొయ్యమెట్ల దారి. మంటలో అది కాలిపోయింది. పొగ కమ్ముకున్నపుడు పిల్లలు కిటికీలనుంచి దూకారు. 22 మంది విద్యార్థులు మరణించారు. మరునాడు వెలువడిన పన్నెండవ తరగతి ఫలితాలలో వారిలో కొందరు ఉత్తీర్ణులైనట్లు తేలింది. ఆ భవనం పేరు తక్షశిల.

దూరదేశాలనుంచి వచ్చిన విద్యార్థులకు ఆశ్రయమిచ్చిన ప్రాచీన విద్యాపీఠం పేరది. పేరు పెట్టడం తేలిక. రెండవ మెట్లదారి కట్టడం ఖర్చుతో కూడినది. ఆ రెండింటి నడుమ ఉన్న తేడా ఎంతటిదో ఆ సాయంకాలం తెలిసింది.

పాటీదారు ఆశ్రమంలో చేరిన పిల్లవాడు, వేడ్ఛీలో నూలు వడికిన బాలిక, టోక్యోలో వేడి అన్నం వడ్డించిన 26 మందిలో ఒకతె, ఋషికొండ పక్కన సూర్యుణ్ణి సాగనంపిన కుర్రవాడు, సర్వేల్‌లో ట్రంకుపెట్టె దించిన పల్లెటూరి చురుకైన పిల్లవాడు, వీరంతా ఒకే నమ్మకంతో ద్వారం దాటారు. లోపల ఉన్నవారు తమకోసం ఆలోచించి ఈ ఇల్లు కట్టారన్నది ఆ నమ్మకం. వారు ఆవరణ అందాన్ని పెద్దవాళ్లై గుర్తు చేసుకుంటారు. ఆలోచనను మాత్రం ఆనాడే, నిద్రపట్టని మొదటి రాత్రే, గుర్తుపడతారు.

ప్రతి జూన్ మాసంలోనూ ఎక్కడో ఒక తండ్రి ట్రంకుపెట్టె తలకెత్తుకొని, ఒక చేత బిడ్డ చేయి పట్టుకొని, ఏదో ఒక వసతి పాఠశాల ద్వారం ముందు ఆగుతాడు. పెట్టె దించుతాడు. బిడ్డ చేయి వదులుతాడు. వెనుకకు తిరిగి నడిచేముందు ఒకసారి తలెత్తి ఆ గోడలవైపు చూస్తాడు. ఆ చూపుకు జవాబు చెప్పగల గోడలే బడి గోడలు.